57 ఏళ్ల వయసులో స్కూబా డైవింగ్ చేస్తే ‘బెండ్స్’ వస్తాయా?

ప్రశ్న అడిగినాయనకి 57 ఏళ్లు. బీపీకి ఒక మాత్ర వేసుకుంటారు, సుగరు లేదు. కొడుకు అండమాన్‌కి టికెట్లు తీశాడట, హేవ్‌లాక్‌లో డైవింగ్ చేయిస్తానంటున్నాడట. ‘వయసు పెరిగేకొద్దీ డికంప్రెషన్ సిక్‌నెస్ ముప్పు పెరుగుతుందని చదివాను. ఇంకోపక్క సైప్రస్‌లో 96 ఏళ్లాయన డైవ్ చేశాడంటారు. ఏది నమ్మాలి?’ అన్నది ప్రశ్న.

రెండూ నమ్మొచ్చు. మీకు మాత్రం ఆ రెండిటితోనూ పని లేదు. బెండ్స్ అంటే డికంప్రెషన్ సిక్‌నెస్‌కే వాడుక పేరు: లోతులో ఒంట్లో కరిగిన నైట్రోజన్, పైకొచ్చాక బుడగలై పెట్టే బాధ. నాకు ఆ బెండ్స్ వచ్చాయి. 58 ఏళ్లప్పుడు, అదే హేవ్‌లాక్‌లో. అందుకని ఈ ప్రశ్నకి జవాబు చెప్పడానికి కుర్ర ఇన్‌స్ట్రక్టర్ల కంటే నాకే ఎక్కువ హక్కుందని నేననుకుంటాను. వాళ్లు పుస్తకంలో చదివారు, నేను మోచేత్తో చదివాను.

ముందు మీ సంగతి తేల్చేస్తాను. కొత్తవాళ్లని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లే ఆ మొదటి డైవ్ 12 మీటర్లు దాటకూడదు. నీళ్లలో ఉండేది అరగంట, మహా అయితే ఇంకాస్త. 12 మీటర్ల దగ్గర, మధ్యలో ఆగాల్సిన పని లేకుండా పైకి రాగలిగే గడువు డైవింగ్ పట్టికల్లో 147 నిమిషాలుంటుంది. అందులో మీరు నాలుగో వంతు కూడా వాడరు. సరదాకి డైవ్ చేసేవాళ్లందర్నీ కలిపి చూసినా పది వేల డైవ్‌లకి ఒకటి నుంచి నాలుగు బెండ్స్ కేసులే తేలతాయి. మీ వయసులో భయపడితే గుండెకి భయపడాలి. డైవింగ్‌లో పోయినవాళ్ల లెక్కలు తీస్తే దాదాపు నాలుగో వంతు గుండె కేసులే, అందులోనూ యాభై దాటినవాళ్లే ఎక్కువ. బెండ్స్‌తో పోయినవాళ్లు వెతికితేగాని దొరకరు. కాబట్టి వెళ్లేముందు గుండె పరీక్ష చేయించుకోండి, నీళ్లలో ఊపిరి బిగబట్టకండి, హాయిగా చేపల్ని చూసి రండి. మీ ప్రశ్నకి జవాబు ఇంతే.

ఇక నేను చెప్పాలనుకున్నది చెబుతాను.

నేను పుట్టింది రాజమండ్రిలో. చిన్నప్పుడు హేవ్‌లాక్ అంటే నాకు గోదారి మీద పాత రైలు వంతెనే. ఆ పేరుతో సముద్రంలో ఒక దీవి ఉందని తెలిసేసరికి నాకు నలభై దాటాయి. వంతెనకి మద్రాసు గవర్నరు ఆర్థర్ హేవ్‌లాక్ పేరు పెట్టారు, దీవికి 1857 నాటి సైన్యాధికారి హెన్రీ హేవ్‌లాక్ పేరు. 2018 డిసెంబరులో దీవి పేరు స్వరాజ్ ద్వీప్ అని మార్చారు. మార్చినా పడవలవాళ్లందరూ హేవ్‌లాక్ అనే అంటారు, నేనూ అంతే. విశాఖ స్టీల్ ప్లాంటులో ఉద్యోగం చేస్తూ, 47వ ఏట ఎల్టీసీ మీద అక్కడికెళ్లి డైవింగ్ నేర్చుకున్నాను. అప్పట్నుంచి దాదాపు ప్రతి శీతాకాలం వెళ్తున్నాను. 2019 జనవరి నాటికి నా లాగ్‌బుక్‌లో రెండు వందల పైచిలుకు డైవ్‌లున్నాయి. ఈ అంకె ఎందుకు చెబుతున్నానంటే, తెలియక చేసుకున్నానని ఎవరూ అనకుండా.

ఆ ఏడు ఐదో రోజు పొద్దున ఆరింటికే పడవెక్కాం. మొదటి డైవ్ డిక్సన్స్ పినకిల్ దగ్గర, 29 మీటర్లు. గంట విశ్రాంతి. రెండోది 17 మీటర్లు. లోతునీ సమయాన్నీ బట్టి లెక్కకట్టి హెచ్చరించే డైవ్ కంప్యూటరు చేతికుంది, అది ఒక్కసారి కూడా కూయలేదు. పైకొచ్చేటప్పుడు 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాను కూడా. పట్టికల ప్రకారం నేను చేసిన తప్పేమీ లేదు. డైవర్లు దీన్ని ‘అన్‌డిజర్వ్‌డ్ హిట్’ అంటారు, అంటే చేయని తప్పుకి పడిన దెబ్బ. నాకా మాట నచ్చదు. నా తప్పులు చాలానే ఉన్నాయి, కంప్యూటరుకి కనపడవంతే.

మొదటిది నీళ్లు. మగవాళ్లకి యాభై ఐదు దాటాక ఒక బాధ మొదలవుతుంది, దాని గురించి ఎవరూ నోరు విప్పరు. గంటకోసారి వెళ్లాల్సొస్తుంది. పడవ మీద చూస్తే పాతికేళ్ల ఆడపిల్లలూ మగపిల్లలూ ఇరవై మంది, మరుగు అనేది లేదు. వెట్‌సూట్ విప్పాలంటే ఇద్దరు పట్టుకు లాగాలి. పైగా నీళ్లలో మునిగితే ఒళ్లు దానంతటదే మూత్రాన్ని ఎక్కువ చేస్తుంది. అందుకని నేనేం చేసేవాడినంటే, ముందు రోజు రాత్రి నుంచే నీళ్లు తాగడం మానేసేవాడిని. నా బీపీ మాత్రలో మూత్రం జారీ చేసే మందు కూడా కలిసి ఉంది. దానికి తోడు ఆ రోజు అలలు ఎక్కువై, రెండు డైవ్‌ల మధ్య తిన్న రెండు బిస్కెట్లూ వాంతి చేసుకున్నాను. ఒంట్లో నీరెక్కడ మిగిలుంటుంది?

రెండోది పరువు. డైవ్ అయ్యాక వీపునున్న గాలి ట్యాంకుని నీళ్లలోనే విప్పి ఇచ్చేస్తే పైనున్న కుర్రాళ్లు లాక్కుంటారు. నేనివ్వలేదు. ఎదురుగా పూణె నుంచొచ్చిన కుర్రాళ్ల గుంపు కూర్చుని ఉంది. ట్యాంకు, బరువుల బెల్టు, అన్నీ వీపున వేసుకుని, ఊగే నిచ్చెన మీద ఎడమ చేత్తో ఒంటిని పైకి లాక్కున్నాను. నైట్రోజన్ ఇంకా ఒంట్లో ఉండగా అలాంటి బలప్రదర్శన చేయకూడదని నాకు తెలుసు. తెలిసే చేశాను.

పదకొండున్నరకి పైకొచ్చాం. రెండున్నరకి భోజనం దగ్గర ఎడమ మోచేతికి కాస్త పైన ఏదో మొదలైంది. ఎక్కడ నొక్కినా దొరకని నొప్పి. చెయ్యి చాపినా అంతే, ముడిచినా అంతే. ఎముక లోపల ఎవరో కూర్చుని నింపాదిగా బర్మా తిప్పుతున్నట్టు.

ఇక్కడే అసలు విషయం ఉంది. పాతికేళ్లవాడికి డైవ్ చేసిన మధ్యాహ్నం మోచెయ్యి నొప్పెడితే వాడి దగ్గర సాకేదీ ఉండదు. నిన్నటిదాకా నొప్పి అంటే ఎరగడు గనక వెంటనే గోల పెడతాడు. నా దగ్గర సాకులు బీరువాడు ఉన్నాయి. పొద్దున నిచ్చెనెక్కినప్పుడు నరం పట్టిందనుకున్నాను. రిసార్టులో దిండు బాగాలేదనుకున్నాను. 53వ ఏట ఇదే చెయ్యి భుజం పట్టేసి ఏడాది పైకి లేవలేదు, అది తిరగబెట్టిందనుకున్నాను. చివరికి ‘వయసు’ అనుకుని అమృతాంజనం రాశాను. అలా ఆరున్నర గంటలు గడిచాయి. వేళ్లు కాస్త తిమ్మిరెక్కుతుంటే దానికీ ఒక సాకు దొరికింది. మా బావకి సుగరు వల్ల తిమ్మిర్లున్నాయి కదా, నాకూ మొదలైందేమో, ఊరెళ్లాక పరీక్ష చేయించుకుందాం అనుకున్నాను. సముద్రం ఒడ్డున కూర్చుని, పొద్దున రెండు డైవ్‌లు చేసినవాడు సుగరు గురించి ఆలోచిస్తున్నాడు చూడండి!

రాత్రి తొమ్మిదింటికి బీపీ చూడటం మా ఇంట్లో దీపం పెట్టడం లాంటి ఆనవాయితీ, ఊరు మారినా మానం. మా ఆవిడ మిషను తీసింది. ఎడమ చేతికి పట్టీ చుట్టింది, నొప్పి ఉన్నచోటికి సరిగ్గా మీద. మిషను గుర్రుమంటూ గాలి నింపింది. పట్టీ బిగుసుకుంటోంది. నూట ఇరవై, నూట నలభై, నూట అరవై. నొప్పి పోయింది. మధ్యాహ్నం నుంచి బర్మా తిప్పుతున్నవాడు చెయ్యి ఆపేశాడు. పట్టీలో గాలి దిగిపోగానే మళ్లీ మొదలెట్టాడు.

"అదేంటి, ఇందాక తగ్గింది" అన్నాను.

"మళ్లీ పెట్టనా?" అంది.

మళ్లీ పెట్టింది. మళ్లీ పోయింది, వదిలేసరికి మళ్లీ వచ్చింది. మూడోసారికి ఆవిడ నా మొహం చూడటం మానేసి అంకెలే చూస్తోంది. ముప్పై ఏళ్లు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పిన మనిషి.

"వాతం నొప్పే, నువ్వేం కంగారుపడకు" అన్నాను.

"వాతమంటే గాలే కదండీ. మీ చేతిలో నిజంగానే గాలుంది. నొక్కితే తగ్గేది ఇంకేముంటుంది?" అని ఫోన్ తీసింది.

ఇది ఖాయమైన పరీక్షేమీ కాదని, పట్టీకి తగ్గకపోయినా బెండ్స్ కావొచ్చని తరవాత డాక్టరు చెప్పాడు. మీరు దీన్ని నమ్ముకుని ఊరుకోకండి. నా విషయంలో మాత్రం నన్ను కదిలించింది అదే.

ఫోన్ చేస్తే వచ్చింది మా డైవ్ గైడు. పోర్ట్‌బ్లెయిర్‌లో పుట్టినవాడే, తాతలది శ్రీకాకుళం వైపు. అక్కడ మనవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్ల తెలుగులో సగం హిందీ, యాస మాత్రం అచ్చం సిక్కోలుది. వస్తూనే పచ్చ పెట్టె మోసుకొచ్చాడు, అందులో ఆక్సిజన్ సిలిండరు. "ఏటి బాబాయ్, మధ్యాహ్నం నుంచి నొప్పుంటే ఇప్పుడా చెప్తావు? నాకు ఫోనెందుకు కొట్టలేదు?" అన్నాడు. మాస్కు మొహానికి నొక్కిపెట్టి, నీళ్ల సీసా చేతికిచ్చాడు. నలభై నిమిషాలకి నొప్పి సగం తగ్గింది. తగ్గింది కదా, ఇక పడుకుంటానన్నాను. వాడు ఒప్పుకోలేదు. ఆక్సిజన్‌తో తగ్గినా చాంబర్‌కి వెళ్లాల్సిందేనని, తెల్లారి మొదటి ఫెర్రీలో నా పక్కనే కూర్చుని పోర్ట్‌బ్లెయిర్ తీసుకెళ్లాడు. ఆ కుర్రాడికి నేను ఎప్పటికీ బాకీనే.

చాంబర్ నేవీ ఆసుపత్రిలో ఉంటుంది. పెద్ద ఇనప డ్రమ్ము, గుండ్రటి అద్దాల కిటికీలు. లోపల గాలి ఒత్తిడి పెంచి, 18 మీటర్ల లోతులో ఉన్నట్టు చేసి, స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పిస్తారు. ఇరవై నిమిషాలు ఆక్సిజన్, ఐదు నిమిషాలు మామూలు గాలి, మళ్లీ ఇరవై. తరవాత 9 మీటర్లకి తెచ్చి, అక్కడ గంట చొప్పున. మొత్తం 4 గంటల 45 నిమిషాలు. అమెరికన్ నేవీ రాసిన ఆరో నంబరు పట్టికట, ప్రపంచమంతా అదే వాడతారట. ఒత్తిడి పెంచేటప్పుడు లోపల ఉక్కగా ఉంటుంది, చెవులు దిబ్బడేస్తాయి. పదో నిమిషానికి బర్మావాడు సామాను సర్దుకుని వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు.

బయటికొచ్చాక డాక్టర్ని అడిగాను: "సార్, నా వయసు వల్లేనా?"

ఆయన కాగితం మీంచి తలెత్తి, "నిన్న ఎన్ని లీటర్ల నీళ్లు తాగారు?" అన్నాడు. నేను మాట మార్చాను. "నొప్పి ఎన్నింటికి మొదలైంది, ఆక్సిజన్ ఎన్నింటికి పెట్టారు?" అన్నది రెండో ప్రశ్న. దానికి నా దగ్గర జవాబుంది, చెప్పడానికే సిగ్గేసింది.

ఇక మీరు చదివానన్న సంగతి. డైవ్ తరవాత గుండె మీద అల్ట్రాసౌండ్ పెట్టి, రక్తంలో బుడగలు లెక్కపెడతారు. వయసు మళ్లినవాళ్లలో అవి ఎక్కువ కనపడతాయి, కాదనను. కానీ బుడగలున్న ప్రతివాడికీ బెండ్స్ రావు. పైగా యాభై దాటినవాడి వయసునీ పొట్టనీ విడదీసి చూడటం అంత తేలిక కాదు. నైట్రోజన్ నీటిలో కంటే కొవ్వులో ఐదింతలు కరుగుతుంది. నా పొట్ట వయసు పాతికేళ్లు, మిగతా నా వయసు 64. వీటిలో తప్పు దేనిదో ఏ అల్ట్రాసౌండ్ చెబుతుంది? నడక లేకపోవడం, కూర్చుని చేసే ఉద్యోగం, ఎప్పుడో ఏడాదికోసారి డైవింగ్, ఇవన్నీ వయసు ఖాతాలో రాసేస్తున్నారు.

నా అసలు కోపం ఆ పట్టికల మీద. 1908లో హాల్డేన్ అనే స్కాట్లాండ్ పరిశోధకుడు మేకల్ని చాంబర్‌లో పెట్టి, దించి, పైకి లేపి మొట్టమొదటి పట్టికలు తయారుచేశాడు. తరవాత వాటిని నేవీలవాళ్లు పాతికేళ్లు నిండని, కండలు తిరిగిన సెయిలర్ల మీద సరిచూసుకుంటూ వచ్చారు. మన చేతి కంప్యూటరు తాత వాళ్లే. ఒంట్లో పదహారు రకాల కణజాలం ఉందనుకుని లెక్కలు కడుతుంది. అందులో పొట్ట ఏ నంబరో, ప్రొస్టేటు ఏ నంబరో దానికి తెలియదు. కాస్త జాగ్రత్తగా లెక్క కట్టమని చెప్పే సెట్టింగు చాలా కంప్యూటర్లలో ఉంటుంది, వయసు పైబడినవాళ్లు వాడుకోమని మాన్యువల్‌లోనే రాసుంటుంది. పదకొండేళ్లలో నేను ఆ పేజీ తెరవలేదు. మీకు తెలిసినవాళ్లు ఎవరైనా తెరిచారా?

ఫిట్‌నెస్ సర్టిఫికెట్ల భాగోతం వేరే. డైవింగ్ ఫారంలో 45 దాటినవాళ్లని ప్రత్యేకంగా అడుగుతారు: సిగరెట్టా, బీపీనా, కొలెస్టరాలా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో గుండెపోటుతో పోయారా అని. అన్నిటికీ ‘లేదు’ అని టిక్కులు పెట్టి సంతకం చేసే మహానుభావులు చాలామంది, ఒకప్పుడు నేనూ ఒకణ్ణి. ఆ ఏడు మా ఊళ్లో ఒక డాక్టరు నాకు సర్టిఫికెట్ ఇచ్చాడు. స్టెతస్కోపు మెళ్లోనే ఉంది, నా ఒంటి మీదకి రాలేదు. "స్కూబా అంటే స్విమ్మింగేగా" అని సంతకం పెట్టేశాడు.

ఇంటికొచ్చాక ఇంకో ముచ్చట. పాతిక శాతం మందికి గుండె పై గదుల మధ్య పుట్టుకతో ఉండే చిన్న కిటికీ పూర్తిగా మూసుకోదు, బుడగలు అందులోంచి దొంగదారిన మెదడుకి వెళ్లే అవకాశం ఉంది. నాకూ ఉందేమోనని పరీక్ష చేయించుకున్నాను. సెలైన్‌ని నురుగొచ్చేలా గిలక్కొట్టి నరంలోకి ఎక్కించి, తెర మీద గుండెని చూస్తారు. బుడగలతో చచ్చి బతికినవాడికి బుడగలతోనే పరీక్ష! కిటికీ మూసే ఉంది. ఆ గుండె డాక్టరు చివర్లో "ఈ వయసులో ఇవన్నీ అవసరమాండీ?" అన్నాడు. మా పెద్దక్కయ్య కూడా అదే మాట. ఈ వయసులో పెళ్లిళ్లలో రాత్రి రెండింటికి బిర్యానీ తింటే ఎవరూ ఏమీ అనరు.

మీరన్న 96 ఏళ్లాయన పేరు రే వూలీ. 2019లో సైప్రస్‌లోని లార్నకా దగ్గర, జెనోబియా అనే మునిగిన ఓడ మీద 42.4 మీటర్ల లోతుకి వెళ్లి, 48 నిమిషాలుండి వచ్చాడు. మనవాళ్లు ఆయన ఫోటో పంపించి ‘వయసు అంకె మాత్రమే’ అంటారు. ఆయన దశాబ్దాలుగా అదే సముద్రంలో డైవ్ చేస్తూ వచ్చిన మనిషి. జనవరిలో వారం రోజులు సెలవు పెట్టి, ఐదు రోజుల్లో పది డైవ్‌లు కుక్కేసే నాలాంటివాడు కాదు.

నేనిప్పటికీ వెళ్తున్నాను. మూడు నెలలు ఆగి మళ్లీ మొదలుపెట్టాను. 18 మీటర్లు దాటితే ఆ రోజుకి ఆ ఒక్కటే. మూడు రోజులకోసారి డైవింగ్ లేకుండా ఒడ్డున కూర్చుంటాను. ట్యాంకులో నైట్రాక్స్ నింపించుకుంటాను, అంటే నైట్రోజన్ కాస్త తక్కువున్న గాలి. కంప్యూటర్ని మాత్రం మామూలు గాలనే నమ్మించి మోసం చేస్తాను. 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాల బదులు ఐదు. ట్యాంకు నీళ్లలోనే విప్పి ఇచ్చేస్తాను, పూణె కుర్రాళ్లు ఏమనుకున్నా సరే. నీళ్లు బాగా తాగుతాను. మరి పడవ మీద సంగతేంటంటారా? సముద్రంలోకి దిగి, పడవ వెనక తాడు పట్టుకుని తేలుతూ చాలా ప్రశాంతంగా కానిస్తాను. ఈ ఉపాయం 47 ఏళ్లప్పుడే ఎవరైనా చెప్పుంటే ఇదంతా జరిగేది కాదు.

మీరు డైవ్ చేసిన రోజు సాయంత్రం కీలు నొప్పెట్టినా, తిమ్మిరెక్కినా, ఒంటి మీద మచ్చలు తేలినా, లేనిపోని నీరసం వచ్చినా వయసు మీదకి నెట్టకండి. ఆ ఒక్కరోజుకి మీకు వయసు లేదనుకోండి. డైవ్ షాపుకి ఫోన్ చేసి ఆక్సిజన్ అడగండి. విమానం కూడా, ఒక్క డైవే అయితే 12 గంటలు, రెండు మూడు చేస్తే 18 గంటలు ఆగి ఎక్కండి. మీవాడు టికెట్లు ఎలా తీశాడో ఇప్పుడే చూసుకోండి. కుర్రాళ్లు ఆఖరి రోజు పొద్దున డైవింగ్, మధ్యాహ్నం ఫ్లైటు పెట్టేస్తారు.

అన్నట్టు, నీళ్లలో వీడియో తీస్తామని వెంటపడతారు. దానికెంతో పడవెక్కకముందే మాట్లాడుకోమని అబ్బాయికి చెప్పండి. దిగాక అడిగితే వాళ్లు చెప్పిందే రేటు.